ఆసుపత్రి సహాయకులకు రోగిని పరీక్షించడం నేర్పించే విధానం

ఉదయం తొమ్మిదింటికి ఓ.పి. మొదలయ్యేసరికి వరండాలో అరవై మంది కూర్చుని ఉండే చిన్న ఆసుపత్రిలో, డాక్టరు రోగి ముఖం చూడకముందే ఆ రోగి చీటీ మీద నాలుగైదు అంకెలు పడి ఉంటాయి. నాడి, బి.పి., జ్వరం, శ్వాస, బరువు రాసేది నర్సింగ్ చదివిన అమ్మాయి కావచ్చు, ఇంటర్ అయ్యాక చేరి పని నేర్చుకున్న కుర్రవాడు కావచ్చు, పాతతరం వారు ఇప్పటికీ కాంపౌండరు అని పిలిచే పెద్దాయన కావచ్చు. ఎవరు రాసినా డాక్టరు ఆలోచన ఆ అంకెల దగ్గరే మొదలవుతుంది కనుక, అక్కడ జరిగిన తప్పు మందుల చీటీ దాకా నడుస్తుంది. రోగిని చూసి, తాకి, విని, కొలిచి, ఉన్నది ఉన్నట్లు రాయడం ఈ సహాయకులకు ఎలా నేర్పించాలో, చిన్న ఆసుపత్రులు నడిపే డాక్టర్లకూ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యాధికారులకూ, సీనియర్ నర్సులకూ ఉపయోగపడేలా ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా హద్దు తేల్చుకోవాలి. సహాయకులకు నేర్పవలసినవి గుర్తులు. రోగాల పేర్లు డాక్టరుకు వదిలేయాలి. "న్యుమోనియా ఉంది" అని చీటీ మీద రాయడం సహాయకుడి పని కాదు. "శ్వాస నిమిషానికి 34, కుడివైపు వీపు కింది భాగంలో చిటపట శబ్దం, మాట్లాడుతూ మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నాడు" అని రాయగలిగితే డాక్టరుకు అంతకంటే కావలసింది లేదు. రోగం పేరు చెప్పడం అలవాటైన సహాయకుడు కొద్ది రోజుల్లోనే తన మనసులో ఉన్న పేరుకు సరిపోయే గుర్తులనే వెతుకుతాడు, ఆ తరువాత మందు పేరు చెప్పడానికి ఎంతో కాలం పట్టదు. అందుచేత చూసినది రాయాలి, అనుకున్నది రాయకూడదు, చూడనిది ఖాళీగా వదిలేయాలి అనే మూడు నియమాలను మొదటి రోజే చెప్పాలి.

ఈ మూడింటిలో చివరిది పాటించడమే కష్టం. ఖాళీ గడి కనబడగానే విసుక్కునే డాక్టరు దగ్గర సహాయకులు అంకెలు కల్పించడం నేర్చుకుంటారు. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఒకసారి నెల రోజుల కేస్ షీట్లు తిరగేస్తే, ఆయాసంతో చేరినవారికీ కాలు విరిగి చేరినవారికీ శ్వాస 20 అనే ఉంది. తప్పు రాసినవారిదని మొదట కోపం వచ్చింది. అన్ని నెలలుగా ఆ గడిని ఒక్కసారి కూడా చదవని నా తప్పు దానికంటే చిన్నదేమీ కాదని తరువాత తెలిసింది. డాక్టరు చదవని అంకెను ఏ సహాయకుడూ శ్రద్ధగా కొలవడు. శిక్షణ ఇవ్వదలచినవారు ముందు తాము ఆ చీటీలను చదవడం మొదలుపెట్టాలి.

మొదలుపెట్టే ముందు

పరికరాలు సరిగా లేనిచోట నేర్పిన పాఠం నిలవదు. సెకన్ల ముల్లు ఉన్న గోడ గడియారం, ఒక్కొక్కరికి ఒక స్టెతస్కోపు, సన్న చేతికీ మామూలు చేతికీ లావు చేతికీ సరిపడే మూడు కొలతల బి.పి. కఫ్‌లు (చేతికి చుట్టి గాలి కొట్టే పట్టీలు), డిజిటల్ థర్మామీటర్లు, పల్స్ ఆక్సిమీటరు, సమతలమైన నేల మీద పెట్టిన బరువు యంత్రం, కొలత టేపు ఉండాలి. వీటితోపాటు పగటి వెలుగు బాగా పడే ఒక కిటికీ కూడా కావాలి. దానిని కూడా పరికరంగానే లెక్కించాలి, ఎందుకో ముందు ముందు తెలుస్తుంది. ఒకే గొట్టానికి రెండు జతల చెవి భాగాలు ఉండే బోధన స్టెతస్కోపు ఒకటి కొనగలిగితే, గురువూ శిష్యుడూ ఒకే శబ్దాన్ని ఒకేసారి వినవచ్చు. శిక్షణ కోసం ఒక్క వస్తువే కొనగలిగే స్థితిలో ఉంటే నేను దానినే కొంటాను.

పాఠం చెప్పకముందే ఒక చిన్న పరీక్ష పెట్టాలి. ఒప్పుకున్న ఒక రోగిని కూర్చోబెట్టి, సహాయకులందరినీ ఒకరి తరువాత ఒకరిని ఆయన బి.పి., నాడి, శ్వాస చూసి, ఎవరికీ చెప్పకుండా చీటీ మీద రాసి మడిచి ఇమ్మనాలి. చీటీలన్నీ విప్పి బల్ల మీద పరిస్తే, ఒకే మనిషికి అయిదుగురు అయిదు రకాల బి.పి.లు రాసి ఉండడం తరచుగా కనిపిస్తుంది. ఎవరినీ వేలెత్తి చూపకుండా ఆ చీటీలను అలాగే దాచి ఉంచాలి. ఏళ్ళ తరబడి చేస్తున్న పనిని మళ్ళీ నేర్చుకోమంటే చిన్నబుచ్చుకునే పాతవారికి, నేర్చుకోవలసింది ఉందని ఉపన్యాసంకంటే ఆ చీటీలే బాగా చెబుతాయి.

నేర్పే క్రమం

ఒక జట్టుకు నలుగురి నుండి ఆరుగురి వరకే ఉండాలి. రోజూ ఓ.పి. మొదలయ్యే ముందు అరగంట చొప్పున ఆరు వారాలు నడిపిన శిక్షణ, ఆదివారం పూట తెర మీద బొమ్మలు చూపించి ముగించే ఒక్కరోజు శిక్షణకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. వేళ్ళకూ చెవులకూ అలవాటు కావడానికి రోజులు పడతాయి.

ప్రతి నైపుణ్యాన్నీ నాలుగు మెట్లుగా నేర్పించవచ్చు. రాడ్నీ పేటన్ అనే శస్త్రవైద్యుడు 1998లో వివరించిన ఈ పద్ధతిలో, మొదట గురువు ఒక్క మాటా మాట్లాడకుండా, మామూలుగా పట్టే సమయంలోనే పని మొత్తం చేసి చూపిస్తాడు. రెండోసారి ప్రతి అడుగునూ వివరిస్తూ నెమ్మదిగా చేస్తాడు. మూడోసారి శిష్యుడు నోటితో చెబుతుంటే గురువు ఆ ప్రకారం చేస్తాడు. నాలుగోసారి శిష్యుడే చెబుతూ చేస్తాడు. చాలామంది గురువులు మూడో మెట్టును సమయం వృథా అని వదిలేస్తారు, కానీ అసలు ఫలితం అక్కడే ఉంది. శిష్యుడు "కఫ్ కట్టండి" అనగానే గురువు కావాలని చొక్కా మీదే కట్టబోతే, "అలా కాదు సార్, చొక్కా తీయించాలి" అనే మాట అతని నోటి నుండే వస్తుంది. అలా తన నోటితో దిద్దిన తప్పును అతను తన చేతితో మళ్ళీ చేయడం అరుదు.

రోగి దగ్గరకు వెళ్ళే తీరు కూడా ఈ పాఠంలో భాగమే. చేతులు కడుక్కోవడం రోగి కళ్ళ ముందే జరగాలి. చేసే పనిని ముందుగా చెప్పి, ఒప్పుకున్న తరువాతే తాకాలి. "పెద్దమ్మా, మీ చేయి పట్టుకుని నాడి చూస్తాను, తరువాత కళ్ళు చూస్తాను, నొప్పి ఏమీ ఉండదు" అనే ఒక్క మాటతో భయం సగం తగ్గుతుంది. స్త్రీలను పరీక్షించేటప్పుడు సహాయకురాలు గానీ, రోగి వెంట వచ్చిన ఆడమనిషి గానీ పక్కన ఉండాలి. తెర లేనిచోట దుస్తులు వదులు చేయమని అడగకూడదు. పేరు తెలిస్తే పేరుకు గారు చేర్చి పిలవాలి, తెలియకపోతే వయసుకు తగిన వరుసతో పిలవాలి. "ఏయ్ బి.పి. పేషెంటూ" అని పిలిచిన చోట రోగి బి.పి. నిజంగానే పెరుగుతుంది, ఆ మాట సరదాకు అనడం లేదు.

తాకకముందు చూడవలసినది

రోగి తలుపు దగ్గర నుండి కుర్చీ దాకా నడిచి వచ్చే కొద్ది సెకన్లలో ఎంతో తెలుస్తుంది. ఒకరి భుజం మీద చేయి వేసి నడుస్తున్నాడా, కూర్చోగానే ముందుకు వంగి మోకాళ్ళ మీద చేతులు ఆనించాడా, పేరు అడిగితే ఒక్క ఊపిరిలో చెప్పగలిగాడా, చెమటలు పట్టి ఉన్నాయా, మూతి ఒక పక్కకు వంకర పోయిందా, పసిబిడ్డ తల్లి ముఖం వైపు చూస్తోందా లేక ఒంట్లో పట్టు లేకుండా వేలాడుతోందా అనేవి గమనించాలి. వీటిలో ఏది కనిపించినా వరుస సంఖ్య చూడకుండా వెంటనే డాక్టరుకు చెప్పాలి. సాధన కోసం ఒక రోగిని అర నిమిషం చూడనిచ్చి, తరువాత శిష్యుడిని గోడ వైపు తిప్పి చూసినవన్నీ చెప్పమనాలి. మొదటి వారం రెండు మూడు విషయాలు చెప్పినవారు నెల తిరిగేసరికి పది చెబుతారు.

రోగి వాడిన మాటను మార్చకుండా రాయడం కూడా ఇక్కడే నేర్పాలి. కొందరు ఆయాసం అంటారు, కొందరు ఎగపోత అంటారు, తెలంగాణలో దమ్ము వస్తోంది అంటారు. అన్నిటికంటే ప్రమాదకరమైన మాట "గ్యాస్ పట్టేసింది" అనేది. యాభై ఏళ్ళ మనిషి ఛాతీ మధ్యలో బరువుగా ఉందని, చెమటలు పట్టాయని, గ్యాస్ అయి ఉంటుందని చెబితే, సహాయకుడు ఆ మాటను నమ్మి సోడా తాగించకుండా వెంటనే ఇ.సి.జి. గదికి తీసుకువెళ్ళి డాక్టరును పిలవాలి. గుండెపోటును గ్యాస్ అనుకుని ఇంట్లోనే గంటలు గడిపి వచ్చినవారిని చూడని డాక్టరు మన ప్రాంతంలో ఉండడు. ఆసుపత్రికి వచ్చిన తరువాత కూడా అదే పొరపాటు జరగకూడదు.

శ్వాస లెక్కించడం

గడియారం తప్ప పరికరం ఏదీ అక్కరలేని కొలత ఇది, అందరూ నిర్లక్ష్యం చేసేదీ ఇదే. శ్వాస లెక్కపెడుతున్నామని తెలియగానే మనిషి శ్వాస తీరు మార్చేస్తాడు కనుక, మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్లే ఉండి, నాడి లెక్క పూర్తయ్యాక చేయి వదలకుండా చూపును ఛాతీ మీదకో పొట్ట మీదకో మరల్చి, మరొక పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయడం ఇక్కడ పనికిరాదు. ఒక్క శ్వాస పొరబడితే లెక్క నాలుగు మారుతుంది. పెద్దవారిలో విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుండి 20 వరకు ఉంటుంది. 25 దాటితే డాక్టరుకు వెంటనే చెప్పాలి.

పిల్లల విషయంలో వయసును బట్టి హద్దు మారుతుంది. రెండు నెలలలోపు బిడ్డకు నిమిషానికి 60 గానీ అంతకు మించి గానీ, రెండు నెలల నుండి ఏడాదిలోపు 50 గానీ ఆపైన గానీ, ఏడాది నుండి అయిదేళ్ళలోపు 40 గానీ ఆపైన గానీ ఉంటే వేగవంతమైన శ్వాసగా లెక్కించాలి. బిడ్డ ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కపెట్టకూడదు. తల్లి ఒడిలో నెమ్మదించే దాకా ఆగి, చొక్కా పైకి ఎత్తి పొట్ట కదలికను చూడాలి. నెలల పిల్లల్లో శ్వాస ఒకే తీరుగా ఉండదు కనుక, ఎక్కువ వస్తే మరోసారి లెక్కపెట్టి నిర్ధారించుకోవాలి. మన తల్లులు "డొక్కలు ఎగరేస్తున్నాడు" అని చెప్పే గుర్తును అందరు సహాయకులూ కళ్ళతో చూసి ఉండాలి: ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ కింది భాగం పైకి లేవడానికి బదులు లోపలికి పోతుంది. అలాంటి బిడ్డ ఆసుపత్రికి వచ్చిన రోజున, తల్లి అనుమతితో, ముఖం పడకుండా ఛాతీ కదలికను మాత్రమే ఒక నిమిషం వీడియో తీసి ఉంచుకుంటే, ఆ గుర్తును చూడని జట్టుకు కూడా చూపించవచ్చు, అదే వీడియో మీద అందరి చేత లెక్కపెట్టించి చీటీలు పోల్చవచ్చు.

నాడి గురించి చెప్పవలసినది తక్కువ. బొటనవేలితో చూడకూడదు, దానిలో కొట్టుకునే సొంత నాడి తెలిసే అవకాశం ఉంది. చూపుడు, మధ్య వేళ్ళను మణికట్టు మీద బొటనవేలి వైపున ఆనించి అర నిమిషం లెక్కించి రెట్టింపు చేయాలి. లయ తప్పినట్లు అనిపిస్తే పూర్తి నిమిషం లెక్కించి "లయ సమంగా లేదు" అని రాయాలి. లయ తప్పడం అంటే ఏమిటో చెప్పడానికి గురువు బల్ల మీద వేళ్ళతో మొదట సమంగా, తరువాత తాళం తప్పిస్తూ కొట్టి చూపిస్తే చాలు. భజనలో తాళం వేసిన పిల్లలు దీనిని వెంటనే పట్టుకుంటారు.

బి.పి. చూడడం

శిక్షణ సమయంలో మూడో వంతు దీనికే కేటాయించాలి. రష్యా వైద్యుడు నికొలాయ్ కొరట్కాఫ్ 1905లో వివరించిన శబ్దాలనే ఇప్పటికీ మనం చేతి మడత దగ్గర వింటున్నాము. పద్ధతి ఇంత పాతదైనా దానిలో జరిగే తప్పులు మాత్రం రోజూ కొత్తగానే జరుగుతున్నాయి.

తప్పుల్లో ఎక్కువ భాగం కఫ్ కట్టకముందే జరుగుతాయి. మెట్లెక్కి వచ్చిన మనిషికి అయిదు నిమిషాలు కూర్చునే అవకాశం ఇవ్వాలి. అంతకు ముందు అరగంటలో టీ, కాఫీ, సిగరెట్టు, చుట్ట తాగారేమో అడగాలి, మూత్రానికి వెళ్ళవలసి ఉంటే ముందు పంపాలి. వీపు కుర్చీకి ఆని ఉండాలి, పాదాలు నేల మీద సమంగా ఉండాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు, కొలిచేంతసేపూ రోగీ మాట్లాడకూడదు, సహాయకుడూ మాట్లాడించకూడదు. చేయి బల్ల మీద ఆనించి, కఫ్ గుండె ఎత్తులో ఉండేలా చూడాలి. చేయి గుండెకంటే పది సెంటీమీటర్లు కిందికి ఉంటే కొలత సుమారు 7 నుండి 8 మిల్లీమీటర్లు (బి.పి.ని లెక్కించే పాదరసం మిల్లీమీటర్లు) ఎక్కువగా వస్తుంది. వీపు ఆనుకోవడానికి వీలులేని స్టూలు మీద కూర్చోబెట్టి, చేయిని గాలిలో వేలాడదీసి, కబుర్లు చెబుతూ కొలిచి, "బి.పి. ఉంది" అని జీవితాంతం మాత్రలు మొదలుపెట్టిన సందర్భాలు లేకపోలేదు.

దుస్తుల సంగతి విడిగా చెప్పాలి. చొక్కా చేతిని పైకి మడిస్తే అది భుజం దగ్గర తాడు బిగించినట్లు అవుతుంది కనుక చేయి బయటకు తీయించాలి. బిగుతు జాకెట్టు వేసుకున్న స్త్రీల విషయంలో తెర చాటున సహాయకురాలు హుక్కులు వదులు చేయించి, పైట కప్పి ఉంచి చూడాలి. అది వీలుకాకపోతే కఫ్ ఎలా కట్టారో చీటీ మీద రాయాలి.

తప్పు జరిగే మరొక చోటు కఫ్ కొలత. లోపలి గాలి తిత్తి పొడవు చేతి చుట్టుకొలతలో 80 శాతం దాకా చుట్టి రావాలి. మామూలు పెద్దల కఫ్ సుమారు 27 నుండి 34 సెంటీమీటర్ల చుట్టుకొలతకే సరిపోతుంది. లావు చేతికి చిన్న కఫ్ కడితే బి.పి. లేనివారికి కూడా ఉన్నట్లు చూపిస్తుంది. శిక్షణలో ప్రతి ఒక్కరూ పదిమంది చేతులను టేపుతో కొలిచి, ఏ కఫ్ సరిపోతుందో చెప్పాలి. ఆ తరువాత చేతి చుట్టుకొలతను రోగి పుస్తకం మొదటి పేజీలోనే రాస్తే ప్రతిసారీ కొలిచే పని ఉండదు.

ఇక కొలిచే తీరు. మోచేతి మడతకు రెండు మూడు సెంటీమీటర్ల పైన కఫ్ కింది అంచు ఉండేలా కట్టి, మొదట స్టెతస్కోపు లేకుండా మణికట్టు నాడి మీద వేళ్ళు ఉంచి గాలి కొట్టాలి. నాడి మాయమైన అంకెను గుర్తుంచుకుని గాలి వదిలేసి, కాస్త ఆగి, ఇప్పుడు స్టెతస్కోపు పెట్టి ఆ అంకెకు 20 నుండి 30 పైదాకా కొట్టి, సెకనుకు 2 నుండి 3 మిల్లీమీటర్ల చొప్పున నెమ్మదిగా దించాలి. మొదటి టక్ శబ్దం పై అంకె, శబ్దం పూర్తిగా ఆగిపోయిన చోటు కింది అంకె. నాడితో ముందుగా చూడడం అనవసర శ్రమ అని అందరూ వదిలేస్తారు, కానీ కొందరిలో పై అంకెకూ కింది అంకెకూ మధ్య శబ్దం కాసేపు మాయమై మళ్ళీ వినిపిస్తుంది. అలాంటివారికి 150 దాకానే గాలి కొట్టి మొదలుపెడితే, నిజంగా 190 ఉన్న బి.పి. 140గా కనిపించవచ్చు. ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు కొలిచి రెండూ రాయాలి. మొదటిసారి వచ్చిన రోగికి రెండు చేతులా చూడాలి.

బోధన స్టెతస్కోపుతో గురువూ శిష్యుడూ కలిసి విని, ఎవరి అంకెలు వారు చీటీ మీద రాసుకున్నాకే బయటపెట్టాలి. ఇద్దరి మధ్య తేడా 4 మిల్లీమీటర్లకు మించకుండా వరుసగా పదిమంది రోగులలో రాగలిగితే, ఆ శిష్యుడు ఒంటరిగా చూడవచ్చు. గురువు ముందుగా తన అంకె పైకి చెప్పేస్తే శిష్యుడి చెవి దానినే వింటుంది. ఈ విషయంలో మొహమాటానికి తావు ఇవ్వకూడదు.

అంకెలు నిజంగా కొలిచినవో కావో తెలుసుకోవడానికి తేలికైన ఉపాయం ఒకటి ఉంది. ముల్లు పరికరం మీద గీతలు రెండేసి మిల్లీమీటర్లకు ఒకటి ఉంటాయి కనుక, రాసిన అంకెల చివర 0, 2, 4, 6, 8 ఇంచుమించు సమానంగా రావాలి, అంటే సున్నాతో ముగిసేవి అయిదింట ఒక వంతు ఉండాలి. నెల రిజిస్టరులో అన్నీ 120/80, 130/80, 140/90 గానే ఉంటే, అక్కడ కొలిచినదానికంటే సర్దిరాసినదే ఎక్కువ. చివర 5 కనిపిస్తే ఆ గీతే పరికరం మీద లేదని నవ్వుతూ చూపించవచ్చు.

పాదరసం పరికరాలు వాడకం నుండి తప్పుకుంటున్నాయి, పాదరసంపై మినమాటా ఒప్పందం 2013లో కుదిరిన తరువాత ఈ మార్పు వేగవంతమైంది. చేతికి కట్టే ఎలక్ట్రానిక్ యంత్రాలు మంచివే, కాకపోతే మణికట్టుకు కట్టేవి కాకుండా పై చేతికి కట్టేవి, ప్రామాణిక పరీక్షలకు నిలిచినవి తీసుకోవాలి. నాడి లయ తప్పినవారిలో యంత్రం అంకెను నమ్మకుండా చేతితో చూడడం వచ్చి ఉండాలి. యంత్రం వచ్చింది కదా అని కూర్చోబెట్టే పద్ధతి నేర్పడం మానితే, పాత తప్పులే యంత్రం మీద కొత్త అంకెలుగా వస్తాయి.

గర్భిణులలో 140/90 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే తలనొప్పి, కళ్ళ ముందు మసక, పైకడుపు నొప్పి ఉన్నాయేమో అడిగి వెంటనే చెప్పాలి. పై అంకె 160కి గానీ కింది అంకె 110కి గానీ చేరినా, దాటినా అది అత్యవసరం. కడుపు పరీక్ష, బిడ్డ గుండె శబ్దం వినడం ప్రసూతి శిక్షణ పొందిన ఏ.ఎన్.ఎం.లకూ నర్సులకూ వదిలేయాలి.

థర్మామీటరు, ఆక్సిమీటరు

చంకలో చెమట తుడిచి, థర్మామీటరు కొన చర్మానికి పూర్తిగా ఆనేలా పెట్టి, చేయి ఒంటికి అదిమి, శబ్దం వచ్చేదాకా ఉంచాలి. నోటిలో కొలిచినదానికంటే చంకలో కాస్త తక్కువ వస్తుంది కనుక ఎక్కడ పెట్టారో రాయాలి. తామే ఒక డిగ్రీ కలిపి రాసే అలవాటు మానిపించాలి.

కోవిడ్ కాలంలో ఆక్సిమీటరు చాలా ఇళ్ళకు చేరింది, దానితోపాటు దాని మీద అతి నమ్మకం కూడా చేరింది. వేలు చల్లగా ఉన్నా, కదులుతున్నా, గోరుకు రంగు ఉన్నా తప్పు చూపవచ్చు. నల్లని చర్మం ఉన్నవారిలో ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించే అవకాశమూ ఉంది. తెర మీది నాడి అంకె చేతితో చూసిన నాడితో సరిపోతేనే ఆక్సిజన్ అంకె రాయాలి. 94 కంటే తగ్గితే చెప్పాలి, 90 కంటే తగ్గితే పరుగెత్తి చెప్పాలి.

కళ్ళు, నాలుక, అరచేతులు, కాళ్ళు

పగటి వెలుగు పడే కిటికీ ఇందుకే కావాలి. దీపాల వెలుగులో, ముఖ్యంగా పసుపుపచ్చని బల్బు కింద, తేలికపాటి కామెర్లు కనబడవు. కింది రెప్పను నెమ్మదిగా దించి రోగిని పైకి చూడమని, తరువాత పై రెప్ప ఎత్తి కిందికి చూడమని చెప్పి, తెల్లగుడ్డును చూడాలి. ఎండలో ఏళ్ళ తరబడి పనిచేసిన పెద్దవారిలో కనురెప్పల మధ్య బయటికి కనిపించే భాగం మట్టిరంగుకు తిరిగి ఉంటుంది. దానిని కామెర్లు అనుకోకుండా రెప్ప కింద దాగి ఉండే భాగాన్ని చూడాలి. మన స్త్రీలు ముఖానికీ పాదాలకూ పసుపు రాసుకుంటారు కనుక చర్మం రంగును బట్టి ఎప్పుడూ తేల్చకూడదు.

రక్తం తక్కువగా ఉన్నప్పుడు కింది రెప్ప లోపలి భాగం, నాలుక, అరచేతి గీతలు, గోళ్ళు పాలిపోతాయి. గోరింటాకు పెట్టుకున్న చేతిలో అరచేయీ గోళ్ళూ రెండూ పనికిరావు, అప్పుడు రెప్పనూ నాలుకనూ చూడాలి. శిష్యులు తమ అరచేతిని రోగి అరచేతి పక్కన పెట్టి పోల్చడం మంచి అలవాటు, అయితే జట్టులో రక్తం తక్కువగా ఉన్నవారు కూడా ఉండవచ్చు కనుక శిక్షణ మొదట్లోనే అందరికీ హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. కొద్దిపాటి రక్తహీనత కంటికి దొరకదని కూడా చెప్పాలి; "పాలిపోలేదు" అని రాసినంత మాత్రాన పరీక్ష అక్కరలేదని అర్థం కాదు.

కాళ్ళలో నీరు చూడడానికి మోకాలి కింద ముందు ఎముక మీద, చీలమండ పక్కన బొటనవేలితో కనీసం అయిదు సెకన్లు అదిమి తీసి, గుంట కంటితో చూసి, వేలితో తడిమి కూడా చూడాలి. రెండు కాళ్ళలోనూ ఉందా, ఒక కాలిలోనే ఉందా అన్నది తప్పక రాయాలి. ఒక్క కాలే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే వెంటనే చెప్పాలి, దానిని మర్దనా చేయకూడదు. బోదకాలు ఉన్న ప్రాంతాలలో ఒంటికాలి వాపు చూడగానే అదేనని అనుకోవడం అలవాటుగా ఉంది. ఎన్నాళ్ళ నుండి ఉందని అడిగితే చాలా వరకు తేడా తెలుస్తుంది.

వాంతులు, విరేచనాలతో వచ్చిన బిడ్డకు బొడ్డుకూ పక్కకూ మధ్య చర్మాన్ని రెండు వేళ్ళతో నిలువుగా పట్టి వదలాలి. మడత రెండు సెకన్లకు మించి నిలిచి ఉంటే ఒంట్లో నీరు బాగా పోయిందని గుర్తు, ఆ బిడ్డను వరుసలో కూర్చోబెట్టకూడదు.

ఛాతీ వినడం

1816లో పారిస్ వైద్యుడు లెనెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక యువతి గుండె విన్నప్పటి నుండి స్టెతస్కోపు వైద్యానికి గుర్తుగా నిలిచింది, మెడలో వేసుకోవాలనే ఆశ కూడా అప్పుడే మొదలై ఉంటుంది. సహాయకులకు గుండె శబ్దాల తేడాలు నేర్పడానికి ప్రయత్నించడం నా దృష్టిలో దండగ. ఊపిరితిత్తులలో మాత్రం మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలగాలి: రెండు వైపులా గాలి సమానంగా వినబడుతోందా, పిల్లికూతలు ఉన్నాయా, చిటపట శబ్దం ఉందా.

చెవి భాగాలు ముందుకు, అంటే ముక్కు వైపుకు తిరిగి ఉండేలా పెట్టుకుని, గుండ్రటి పలకను వేలితో తట్టి వినబడుతోందో లేదో చూసుకోవాలి. పలకను అరచేతిలో రుద్ది వెచ్చబరచి, బట్ట మీద కాకుండా చర్మం మీదే ఆనించాలి. రోగిని నోటితో నెమ్మదిగా, లోతుగా ఊపిరి తీయమని, వీపు మీద ఎడమ, కుడి, మళ్ళీ ఒక మెట్టు కిందికి ఎడమ, కుడి అని పోలుస్తూ వినాలి. రోగికి కళ్ళు తిరిగినట్లు ఉంటే ఆగాలి. చిటపట శబ్దం ఎలా ఉంటుందో చెప్పడానికి, చెవి పక్కన నాలుగు వెంట్రుకలను రెండు వేళ్ళ మధ్య నలపమనడం తరతరాలుగా వైద్య విద్యార్థులకు చెబుతున్న ఉపాయం. కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్లు ఛాతీని వేళ్ళతో తట్టి చూసే పరీక్ష కూడా ఉంది, అయితే దాన్ని పట్టుకోవడానికి ఆరు వారాలు చాలవు.

రాయడం, చెప్పడం

ప్రతి కొలత పక్కనా సమయం ఉండాలి. కొట్టివేతలు ఒక గీతతో జరగాలి, తెల్లరంగు పూయకూడదు. "మామూలుగా ఉంది" అనే మాటను చీటీల నుండి బహిష్కరించాలి, దాని వెనుక చూశాడో లేదో ఎవరికీ తెలియదు. డాక్టరుకు చెప్పేటప్పుడు ముందు రోగి ఎవరు, ఎందుకు వచ్చారు, తరువాత భయపెట్టిన గుర్తు, ఆపైన మిగిలిన అంకెలు చెప్పాలి: "సార్, మూడో నంబరు, అరవై ఏళ్ళ పెద్దాయన, రెండు రోజులుగా ఆయాసం. శ్వాస 32, ఆక్సిజన్ 88, రెండుసార్లు చూశాను. నాడి 118, బి.పి. 100/64." ఇంత చెప్పడానికి పదిహేను సెకన్లు పడుతుంది. డాక్టరు మరొక రోగితో ఉన్నా సరే, ఇలాంటప్పుడు తలుపు తోసుకుని రావచ్చునని అందరి ముందూ ఒకసారి చెప్పి ఉంచాలి, నిజంగా వచ్చినప్పుడు విసుక్కోకూడదు. భయపడి వచ్చిన వార్త పదిలో ఎనిమిదిసార్లు పెద్దది కాకపోయినా నష్టం లేదు.

పరీక్ష పెట్టడం

వైద్య విద్యావేత్త రొనాల్డ్ హార్డెన్ స్కాట్లండులో 1975లో ప్రవేశపెట్టిన పరీక్ష తరహాలో, గదిలో అయిదారు బల్లలు వేసి ఒక్కొక్క బల్ల దగ్గర ఒక్కొక్క పని ఇచ్చి, అయిదు నిమిషాలకు ఒకసారి గంట కొట్టి ముందుకు జరిపితే సరిపోతుంది. ఒకచోట బి.పి., ఒకచోట వీడియోలో బిడ్డ శ్వాస, ఒకచోట కఫ్ ఎంపిక, ఒకచోట కాళ్ళలో నీరు, ఒకచోట రోగిగా నటించే తోటి ఉద్యోగిని పలకరించి ఒప్పించడం పెట్టవచ్చు. నటించే మనిషికి "గ్యాస్ పట్టేసింది" అనమని రహస్యంగా చెప్పి ఉంచితే, ఎవరు ఇ.సి.జి. మాట ఎత్తారో తెలుస్తుంది. అడుగుల పట్టికను ముందే రాసుకుని దాని ప్రకారమే మార్కులు వేయాలి. చేతులు కడగడం మరిచినవారికి మిగతా అంతా బాగున్నా ఆ బల్ల దగ్గర ఉత్తీర్ణత ఇవ్వకూడదు.

తప్పినవారిని శిక్షణ మొత్తం మళ్ళీ చేయించనక్కరలేదు. తప్పిన ఒక్క పనినే రెండు చెవి జతల స్టెతస్కోపుతో, పదిమంది రోగుల మీద, చీటీలు పోలుస్తూ చేయించాలి. ఉత్తీర్ణులైనవారికి కూడా మూడు నెలలకు ఒకసారి మొదటి రోజు పెట్టిన పరీక్షనే మళ్ళీ పెట్టాలి, ఆ రోజున దాచిన పాత చీటీలను బయటకు తీసి కొత్తవాటి పక్కన పరచాలి. అదే రోజు కఫ్‌లకు గాలి కారుతోందేమో, ముల్లు గాలి లేనప్పుడు సున్నా మీద నిలుస్తోందో లేదో, బరువు యంత్రం అయిదు కిలోల బియ్యం సంచిని అయిదు కిలోలుగానే చూపుతోందో లేదో కూడా చూసి, రిజిస్టరులో తేదీ వేసి సంతకం చేయాలి.